చెరిపేసిన చెంప

టచప్ మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఫోటో స్టూడియోలో ముప్పై ఏళ్ళు నెగెటివ్‌ల మీద వంగి జనం మొటిమలు, మచ్చలు, కళ్ళ కింద నలుపులు మాయం చేసిన చెయ్యి అది. ఆయన దిద్దిన ఫోటో చూసుకుని మురిసి, ఇంటికెళ్ళి అద్దం మీద అలిగినవాళ్ళూ ఉన్నారు.

ఆయన భార్య పోయి నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ మాస్టారు ముందుగదిలో ఒక ప్లైవుడ్ చెక్క మీద ఆమె బొమ్మ తయారుచేస్తున్నారు. జుట్టుకి ఆమె కుట్టుపెట్టెలోని నల్లదారాలు, భుజాలకి పాత చీర ముక్కలు, గుండె దగ్గర ఆస్పత్రివాళ్ళు తీసిన ఎక్స్‌రే ఫిల్ము, కళ్ళకి ఆమె కళ్ళజోడే. గోడ నిండా ఫోటోలుండగా ఈ జిగురు గోలెందుకని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు.

ఆయన బాధంతా ఆ ఫోటోలతోనే. ఆమె ఎడమ చెంప మీద చిన్నప్పుడు వేడినూనె పడిన మచ్చ ఉండేది. ఒక్క ఫోటోలోనూ అది లేదు. ఎవరూ అడక్కుండానే, ప్రేమకొద్దీ, ప్రతి నెగెటివ్ మీదా ఆయనే తీసేశారు. పెన్సిల్‌తో పూసినదైతే తుడిస్తే మచ్చ తిరిగొచ్చేది. ఇది బ్లేడుతో గీకిన పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మచ్చ చెవి దాకా పోయేదో, పెదవి వైపు దిగేదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. కళ్ళు మూసుకుంటే ఫోటోలోని నున్నటి చెంపే కనిపిస్తోంది. ఆమె మళ్ళీ చచ్చిపోతోందని, ఈసారి చంపుతున్నది తానేనని ఆయనకి భయం పట్టుకుంది.

ఆదివారం కూతురు వచ్చింది. మాస్టారు ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చారు.

"తల్లీ, అమ్మ మచ్చ ఎక్కడిదాకా ఉండేదో కాస్త గియ్యి."

కూతురు తడుముకోలేదు. బొమ్మ కంటి కింద మొదలుపెట్టి, చెవి పక్కగా మెడ దాకా ఒక్క గీత గీసేసింది.

"అంత పెద్దదా?"

"అంతే ఉండేది నాన్నా."

"మరి నాకెందుకు గుర్తు లేదు?"

"ఫోటోకి తప్ప నీకు ఎక్కడ చూపించింది? నువ్వు స్టూడియోకి వెళ్ళాక జుట్టు వెనక్కి ముడేసుకునేది. నీ చెప్పుల చప్పుడు వినగానే ఆ చెంప మీదికి వదులుకునేది. వడ్డించేటప్పుడు కూడా ఆ చెంప నీ వైపు తిప్పేది కాదు."

"అదేంటమ్మా, మేం దాని గురించి సరదాగా మాట్లాడుకునేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో నేను దిద్దిన మొదటి ఫోటో చూపిస్తే ఏమందో తెలుసా? 'ఎవరండీ ఈవిడ? బాగుంది. ఈవిణ్ణే చేసుకోవాల్సింది' అంది. మనసులో ఏదైనా ఉంటే చెప్పేది కదా."

కూతురు సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"చెప్పింది కదా నాన్నా. నువ్వు నవ్వావు."

 మాస్టారు ఆ చెంప మీద చెయ్యి వేయబోయారు. గీత చెరిగిపోతుందేమోనని వెనక్కి తీసుకున్నారు.