గెలిచినవాళ్ల బంతి

లైమన్ హోబార్ట్‌కి పిచ్చి ముదిరిందని ఒహాయోలో మా ఊరంతా అనేది. నేనూ అనేవాణ్ణి, కాకపోతే వాడి పాత లారీలో పక్కన కూర్చుని మరీ అనేవాణ్ణి. మా ఊరి హాడన్ కాలేజీ కుర్రాళ్లు హెల్మెట్ అన్నదే లేకుండా, ఒత్తుగా పెంచిన జుట్టునే నమ్ముకుని, బంతి చంకన పెట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తే మా అమెరికా ఫుట్‌బాల్ ఆడిన రోజుల సామానంటే వాడికి ప్రాణం. వాడి గాజు బీరువాలో పళ్లతో కరిచి పట్టుకునే రబ్బరు ముక్కు తొడుగు ఒకటుంది. దానిమీద ఎవరో కుర్రాడి పంటిగాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అది చూసినప్పుడల్లా ఆ కుర్రాడెవరోనని ఆలోచనలో పడేవాణ్ణి, లైమన్‌కి మాత్రం చెప్పలేదు.

ఆ బీరువాలో ఒక్క చోటు ఖాళీ. అది 1893 నాటి బంతిది. అప్పట్లో గెలిచినవాళ్లు ఆ ఆట బంతిని పట్టుకెళ్లి, దానిమీద తెల్లరంగుతో స్కోరు రాసుకునేవారు. ఆ ఏడాది పక్కూరి మార్లో కాలేజీని ఓడించామని అప్పటి కెప్టెన్, లైమన్ తాత చెప్పేవాడు. బంతేదని అడిగితే మాత్రం మాట మార్చేసేవాడట. నాటి పత్రికలు అగ్నిప్రమాదంలో పోయాయి. దాంతో మార్లో వాళ్లకి లైమన్ లోకువైపోయాడు.

"గెలిస్తే బంతేదోయ్? మీ తాత మింగేశాడా?" అనేవాళ్లు మంగలి షాపులో.

లైమన్ నవ్వేసేవాడు. ఆ పూట తిండి మాత్రం సయించేది కాదు. అమ్మా నాన్నా లేని వాణ్ణి ఆ తాతే పెంచాడు. ఆయన్ని అబద్ధాలకోరంటే వాడికి పుండుమీద కారం చల్లినట్టుండేది.

ఆ అక్టోబరులో, మార్లో దగ్గర హెస్టర్ క్రోల్ అనే పెద్దావిడ ఇల్లు మారుతూ పాత సామాను తీసేస్తోందని విని వెళ్లాం. కొట్టంలో గుర్రపు జీనుల కింద బంతి కనిపించింది. గాలిపోయి, మసిపట్టి, వాడిపోయిన గుమ్మడికాయలా ఉంది.

"మా తాతది. మార్లో తరఫున ఆడేవాడు. తొంభై మూడులో హాడన్‌తో ఆడిందే ఆయన ఆఖరి ఆట" అంది హెస్టర్.

లైమన్ మొహం పాలిపోయింది. బంతి మార్లో ఆటగాడి ఇంట్లో ఉందంటే మార్లో గెలిచినట్టే. మాలాంటివాళ్లకి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నేను వాడి చెవిలో గొణిగాను. "మసి తుడవకురా. తుడిస్తే రంగూ పోతుంది, ఆమాత్రం తెలీదా? అలాగే కొని బీరువాలో పెట్టుకో. ఏం రాసుందో ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూడాలిగా" అన్నాడు.

ఆవిణ్ణి అడిగి, గుడ్డ కొస తడిపి, ఊపిరి బిగబట్టి అద్దాడు. ముందు ఆరు అంకె తేలింది. తర్వాత నాలుగు. హాడన్ ఆరు, మార్లో నాలుగు.

"మేమే గెలిచాం" అన్నాడు లైమన్. "మరి ఇది మీ ఇంటికెలా వచ్చిందమ్మా?"

"ఆ ఆటలో మా తాత కాలు విరిగింది. మీ కెప్టెనే మీద పడ్డాడట. ఆ చలికాలమంతా ఆదివారం ఆదివారం గుర్రబ్బండి కట్టుకొచ్చి ఆయన మంచం పక్కన కూర్చునేవాడట. ఓసారి ఈ బంతి తెచ్చి దుప్పటిమీద పెట్టి, ఇది నీ దగ్గరే ఉండాలన్నాడట. ఆయన పేరే గుర్తు రావట్లేదు."

"హోబార్ట్. మా తాత" అన్నాడు లైమన్.

ఆవిడ బంతిని వాడివైపు తోసింది. "అయితే తీసుకెళ్లు నాయనా. డబ్బులొద్దు."

నేనప్పటికే లారీ తలుపు తీశాను. లైమన్ బంతిని ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"మా తాత ఇచ్చేశాడమ్మా. నేనెలా తీసుకుంటాను?"

దారంతా వాణ్ణి తిట్టాను. తిడుతూనే కళ్లు తుడుచుకున్నాను. అలాంటి మనిషి పక్కన కూర్చోవడానికి నాకేం అర్హతుందో తెలీదు.

శనివారం మంగలి షాపులో మళ్లీ అదే పాట మొదలైంది. "గెలిస్తే బంతేదోయ్?"

నా నోరు ఊరుకోదుగా, చెప్పబోయాను. లైమన్ నా కాలు తొక్కాడు. "ఈసారి చలి తొందరగా వచ్చేట్టుందే" అన్నాడు వాళ్లతో.

తర్వాత పక్క హోటల్లో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన 'పై' తిని, ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నాడు.