రేవు హోటల్ గోడ

రేవు పక్కన ఉన్న ఆ చిన్న హోటల్లో వంట అక్కది, గల్లాపెట్టె బావది, గోడ రంగులమ్మది.

రంగులమ్మ అక్కకు స్వయానా చెల్లెలు. షాపులకు బోర్డులు రాసేది కాబట్టి ఊరు పెట్టిన పేరది. ఫ్లెక్సీలు వచ్చి ఆమె పనికి గండి కొట్టాయి. చేతిలో పని లేక కూర్చున్న రోజుల్లో బావే అన్నాడు, "ఆ గోడ బోసిగా ఉంది, ఏదో ఒకటి గీసి పడెయ్ మరదలా" అని.

ఆమె గీసి పడెయ్యలేదు. వానాకాలమంతా నిచ్చెన మీదే ఉండి, ఈ మూల నుంచి ఆ మూల దాకా రేవును దింపింది. పడవలు, తెడ్లు, మూటలు మోసే మనుషులు, మెట్ల మీద కూర్చుని చేపలు తోముతున్న ఒక పెద్దావిడ. ఆ పెద్దావిడ వాళ్ళమ్మ. పోయి చాలా ఏళ్ళయింది, ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ ముఖం పూర్తయిన రోజున అక్క వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపల కూర మాడినా కదల్లేదు.

జనం మొదట చేపల వేపుడు కోసం వచ్చి గోడ చూశారు. తర్వాత గోడ కోసం వచ్చి వేపుడు తిన్నారు. ఊళ్ళో తప్పక చూడాల్సిన చోట్లంటూ రేడియోవాళ్ళు ఓట్లు పెడితే, నాటకశాలనీ పాటల మేడనీ వెనక్కి నెట్టి రేవు హోటల్ ముందుకొచ్చింది.

ఆ రోజు రంగులమ్మ రంగుల కొట్లో ఉంది. కొట్టువాడి రేడియోలో బావ గొంతు వినిపించింది.

"రాత్రిళ్ళు హోటల్ మూసేశాక ఒంటరిగా కూర్చుని గీసేవాణ్ణండీ. చిన్నప్పటి నుంచీ ఆ పిచ్చి ఉంది."

"ఎవరూ సాయం చెయ్యలేదా?" అని అడిగారు అవతల.

"మా మరదలు ఉంది లెండి. రంగులు కలిపిచ్చేది."

కొట్టువాడు ఆమె వంక చూసి, రేడియో గొంతు తగ్గించాడు. ఆమె బయటికి వచ్చి నేరుగా హోటల్‌కి వెళ్ళింది.

"ఎవరు గీస్తే ఏంటి? ఇంట్లో మాటేగా," అన్నాడు బావ చిల్లర సర్దుకుంటూ. "హోటలాయనే గీశాడంటే జనానికి ముచ్చట. నువ్వేమన్నా పరాయిదానివా?"

రంగులమ్మ అక్క వైపు తిరిగింది. అక్క గిన్నెలోంచి తల ఎత్తలేదు. "పోనీలేవే. నలుగురిలో ఆయన మాట పోతుంది."

బావ అబద్ధం ఒళ్ళు మండించింది. అక్క మాట మాత్రం లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళి బ్రష్షులన్నీ కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. ఆయన మాట పోకూడదు, నా చెయ్యి పోవచ్చు. సరే, చూద్దాం అనుకుంది.

ఊరి కళాసంఘం వాళ్ళు హోటల్ గోడకు బావ పేరు చెక్కిన ఇత్తడి పలక బిగించడానికి వస్తున్నారని తెలిసింది. దాని ముందు రోజు హోటల్‌కి సెలవు. రంగులమ్మ నవ్వుతూ వెళ్ళి తాళాలు అడిగింది.

"గోడకు దుమ్ము పట్టింది బావా. శుభ్రం చేసి పైన తెర కడతాను. పెద్దలు వచ్చి తెర లాగితే నిండుగా ఉంటుంది. అప్పటిదాకా మీరు కూడా ముట్టుకోకండి, తడి ఆరాలి."

"అదీ ఇంటిమనిషి మాటంటే," అని బావ మురిసిపోయాడు.

ఆమె తలుపులు వేసుకుని తెల్ల రంగు డబ్బా తెరిచింది. ముందు పడవల్ని ముంచింది. తర్వాత మూటల్ని, మనుషుల్ని. అలా ముంచుతుంటే హాయిగా ఉంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అమ్మను వదిలేద్దామా అనుకుంది. వదిలితే, ఆ ముఖమూ నేనే గీశానంటాడు. కళ్ళు మూసుకుని ఆ ముఖం మీద బ్రష్షు లాగింది. తర్వాత నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి లేచి, రెండో పూత వేసింది.

మర్నాడు హోటల్ కిక్కిరిసింది. కళాసంఘం పెద్దావిడ తెర లాగింది. వెనక తెల్లటి గోడ.

 బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏం చేశావే?" అన్నాడు మెల్లగా.

"రంగులు కలిపేదాన్నేగా బావా. తెలుపు కొంచెం ఎక్కువ కలిపాను." ఆమె సంచిలోంచి నల్ల రంగు, బ్రష్షు తీసి బల్ల మీద పెట్టింది. "గీసిన చెయ్యి మీది. మళ్ళీ గీస్తే పోలా?"

సంఘం పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు సంగతి అర్థమైనట్టే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మాకు తొందరేం లేదు బాబూ. ఒక్క పడవ గీయండి, చాలు."

బావ బ్రష్షు పట్టుకున్నాడు, గరిటె పట్టుకున్నట్టు. ఒక గీత వంకరగా గీశాడు, దాని కింద ఇంకోటి. రంగు కారి గోడ కిందికి జారింది. "వంకాయా?" అన్నారు వెనక నుంచి ఎవరో. నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వులన్నీ రంగులమ్మ ఆకలి తీరేదాకా వింది. బావ బ్రష్షు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఇత్తడి పలక వచ్చిన దారినే వెళ్ళింది.

అందరూ పోయాక అక్క గోడ దగ్గరికి వచ్చి, మెట్లు ఉండాల్సిన చోట అరచెయ్యి పెట్టింది.

"ఆయన మీద కోపం ఆయన మీద తీర్చుకోవాల్సింది. అమ్మ నీ ఒక్కదానికే అమ్మా?"

రంగులమ్మ తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

నెల తిరక్కుండా నాటకశాలవాళ్ళు తమ ముందు గోడ ఆమెకు అప్పగించారు. ఒక మధ్యాహ్నం అక్క అక్కడికి వచ్చి నిచ్చెన కింద నిలబడింది. మనిషి నలిగిపోయి ఉంది.

"జనం తగ్గారే. వచ్చిన వాళ్ళు కూడా వంకాయ ఏదని అడుగుతున్నారు. మళ్ళీ గీయమంటున్నారు మీ బావ. నీ పేరు పెద్దక్షరాలతో రాసుకోమన్నారు."

"తనే వచ్చి అడగొచ్చుగా?"

"మొహం చెల్లక."

"చెల్లకపోతే ఉండమను," అంది రంగులమ్మ బ్రష్షు ఆపకుండా. "ఆ గోడ ఆయనది అక్కా. దాని జోలికి నేను రాను."

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్ళబోతూ అడిగింది.

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

తినలేదు.