కంప్యూటరు గోదారిలో రూపాయి బిళ్ళ

గురువారం పన్నెండింటికి కరెంటు రాగానే రామచంద్రపురం హైస్కూల్లో కంప్యూటరు గది గుమ్మం ముందు ఐదు జతల చెప్పులు దబదబా పడ్డాయి. వాటి పక్కన తీరుగా సర్ది పెట్టిన ఆరో జత ఇంగ్లీషు మాస్టారు సూర్యప్రకాశం గారిది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎన్నో ఇన్‌స్పెక్షన్లు చూసిన మనిషి ఆయన. అలాంటిది ఆ పొద్దున సంధ్యావందనంలో కేశవనామాలు ఎక్కడిదాకా వచ్చాయో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

అంత కంగారుకి కారణం ఒక ఊరు. ఆ ఊరు భూమ్మీద ఎక్కడా లేదు. రాజమండ్రిలో ఒక కాలేజీ వాళ్ళు దాన్ని కంప్యూటర్లో కట్టారు. దానికో నది, ఇవతల పడవల రేవు, అవతల బజారు, డాక్టరు గారి ఇల్లు. తలకి హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంటే ఒక్కొక్కరికీ ఒక బొమ్మ మనిషి దొరుకుతాడు. మీట నొక్కితే ఆ మనిషి నడుస్తాడు. మైకులో మనం అన్న మాట అతని మాటై ఊరంతా వినబడుతుంది. పడవవాడినీ డాక్టరునీ కాలేజీ విద్యార్థులు రాజమండ్రిలో కూర్చుని నడిపిస్తారు. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడితే వాళ్ళకి వినబడనట్టే లెక్క. దీన్ని వర్చువల్ రియాలిటీ అంటారనీ, భాష నేర్పడానికి ఇది కొత్త రకం తరగతి గది అనీ ఆ కాలేజీ లెక్చరరు మధులత గారు పోయిన నెల వచ్చి చెప్పి వెళ్ళారు. అది రెండువేల ఎనిమిది. స్కూలుకి బ్రాడ్‌బ్యాండు వచ్చి ఇంకా ఆరు నెలలు నిండలేదు.

మూడు స్కూళ్ళకి ఒక్కోసారి ఆ ఊరు చూపిస్తారు. అందులో ఒక్క స్కూలుకే ఏడాది పొడుగునా వారానికో గంట ఇస్తారు. పరీక్ష ఏంటంటే, ఐదుగురు పిల్లలు నలభై నిమిషాల్లో నది దాటాలి, డాక్టరుకి ఆ ఊళ్ళో ఒక మామ్మగారి జబ్బు చెప్పాలి, మందు పొట్లం పట్టుకుని తిరిగి రావాలి. ఐదుగురూ కలిసే దాటాలి. మాస్టారు నేల మీద గీసిన సుద్దగీత వెనక నిలబడాలి. పెదవి కదపకూడదు.

సూర్యప్రకాశం గారికి ఆ గంట కావాలి. ఆయన పిల్లలు గ్రామరులో ఎనభై మార్కులు తెచ్చుకుంటారు. కానీ మంచినీళ్ళు కావాలని ఇంగ్లీషులో అడగమంటే దాహంతోనే ఉండిపోతారని తరగతిలో ఆయనే దెప్పుతుండేవారు. దెప్పిన ప్రతిసారీ, ఆ తప్పులో తన వాటా ఎంతో అనుకునేవారు.

ముందురోజు సాయంత్రం భార్య సీతారామలక్ష్మి గారు దేవుడికి కనకాంబరాలు మాల కడుతుంటే ఆయన పక్కన కూర్చుని తన అనుమానం బయటపెట్టారు. లేని ఊరిని ఉందనుకుని, లేని మనిషితో మాట్లాడమని పిల్లలకి నేర్పడం ధర్మమేనా అని. ఆవిడ దారం పంటితో కొరికి అన్నారు.

"పొద్దున్నే కళ్ళు మూసుకుని స్వామికి రత్నసింహాసనం వేస్తారు కదండీ. అదేమన్నా మన వడ్రంగి చేసిచ్చాడా?"

"మానసపూజ వేరే సంగతిలే."

"ఏమోనండి. కళ్ళంట నీళ్ళయితే నిజంగానే వస్తాయి మీకు."

ఆయన కింద రాలిన కనకాంబరం ఒకటి తీసి ఆవిడ ఒళ్ళో వేశారు.

ఆ గురువారం పొద్దున రాజమండ్రి నుంచి వచ్చిన మధులత గారే పిల్లల్ని హాజరుపట్టీలో వేలు పెట్టి ఎంచారు. మొదట క్లాసు ఫస్టు హారతి పేరు వచ్చింది, మాస్టారి మొహం వికసించింది. తర్వాత నోరు మూతపడని గణేష్‌బాబు, పర్వాలేదు. మణిదీప్, రామతులసి కూడా పర్వాలేదు. ఐదో పేరు వెంకటదుర్గ. కోటిపల్లి రేవు దగ్గర నుంచి రోజూ బస్సులో వచ్చి ఆఖరి బెంచీలో కూర్చునే పిల్ల. "ప్రెజెంట్ సార్" తప్ప ఆ పిల్ల నోట ఇంకో ఇంగ్లీషు ముక్క ఆయన ఎప్పుడూ వినలేదు. పేరు మార్చమని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

దసరాకి పెట్టిన కుంకుమబొట్లు ఇంకా చెరగని మానిటర్ల మీద నది వెలిగింది. ఐదుగురూ ఒక్కసారి ముందుకు వంగారు. నీళ్ళు కదులుతున్నాయి. ఒడ్డున రెల్లు ఊగుతోంది. గణేష్‌బాబు బొమ్మ అప్పుడే గోడని ఢీకొట్టుకుని నిలబడింది. "సార్, నాకు లైసెన్సు లేదండీ" అన్నాడు వాడు. మధులత గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

తెర మీద ఒక్కొక్కరి బొమ్మ సంచిలో ఒక రూపాయి బిళ్ళ ఉంది. పడవవాడికి ఇవ్వాలి, ఎక్కాలి. నలుగురూ పడవ వైపు పరుగెత్తారు. దుర్గ బొమ్మ మాత్రం నీళ్ళ అంచున ఆగింది. దుర్గ ఎడమ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కుడి చెయ్యి మీట నొక్కింది. బిళ్ళ గాలిలో మెరిసి నీళ్ళలో పడింది.

"ఏంటే, పారేశావా?" అంది హారతి, తెలుగులోనే.

దుర్గకి అప్పుడు అర్థమైంది.  కోటిపల్లిలో గోదారి దాటించే పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళిన ప్రతిసారీ మామ్మ చేతిలో బిళ్ళ పెట్టి, ముందు గోదారమ్మకి, తర్వాతే మనం అంటుంది. చెయ్యి తన అలవాటు తను చేసుకుపోయింది.

పడవవాడు బిళ్ళ లేనిదే ఎక్కించనన్నాడు. ఐదుగురూ ఎక్కనిదే పడవ కదలదన్నాడు. హారతి ముందుకొచ్చి, బట్టీపట్టిన వాక్యాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. బిళ్ళ పోగొట్టిన మనిషే మాట్లాడాలని అతను ఇంగ్లీషులో తేల్చేశాడు. ఐదు నిమిషాలు పోయాయి. ఏడు పోయాయి. గీత వెనక సూర్యప్రకాశం గారు కండువా అంచు నలుపుతూ నిలబడ్డారు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశారు. రాలేదు. రాజమండ్రి బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే తన చెయ్యి మాత్రం జేబులోకి పోదూ? లేని నదికి దణ్ణం పెట్టడం తప్పయితే, లేని సింహాసనం మాటేమిటి?

అప్పుడు ఆఖరి కుర్చీలోంచి సన్నటి గొంతు వచ్చింది.

"ఐ నాట్ లాస్ట్. ఐ గేవ్."

ఎవరికిచ్చావని పడవవాడు అడిగాడు.

"రివర్. షీ ఈజ్ మదర్. ఫస్ట్ మదర్, నెక్స్ట్ యూ."

పడవవాడు నవ్వాడు. ఇది గోదావరి కాదమ్మా, వట్టి కంప్యూటరు నీళ్ళు అన్నాడు. దుర్గ కళ్ళు చికిలించింది. రేవులో చిల్లర దగ్గర పేచీ పెట్టేవాళ్ళని రోజూ చూసే పిల్ల. భయం ఎటు పోయిందో, మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"యువర్ బోట్ ఆల్సో కంప్యూటర్ బోట్. దెన్ వై యూ ఆస్కింగ్ కాయిన్?"

 గణేష్‌బాబు బల్ల మీద కొట్టిన దెబ్బకి మౌసు కింద పడింది. నీ పడవా ఉత్తుత్తిదే కదా, నీకెందుకయ్యా బిళ్ళ అని ఇంగ్లీషులో నిలదీసిందని అందరికీ అర్థమైపోయింది. సూర్యప్రకాశం గారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు, నిబంధన తప్పకూడదు కదా.

 పడవవాడు ఒక ఒప్పందానికి వచ్చాడు. బిళ్ళ అక్కర్లేదు, మీ నది గురించి చెప్పు. నువ్వు చెబుతున్నంతసేపూ పడవ నడుస్తుంది, ఆపితే ఆగిపోతుంది అన్నాడు.

దుర్గ మొదలెట్టింది. వాక్యాలు కుంటుతూ వచ్చాయి, కానీ వచ్చాయి. పంటు మీద లారీ ఎక్కించడం, వరదకి నీళ్ళు ఎర్రబడడం, ఆవుదూడ నదిలో పడితే నాన్న దూకడం. దూడని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక ఆగిపోయింది. పడవ నది మధ్యలో టక్కున ఆగింది.

"బేబీ కౌ" అరిచాడు గణేష్‌బాబు. పడవ కదిలింది.

ఇంక ఆపేవాళ్ళెవరు? దుర్గ ఎక్కడ ఆగితే అక్కడ ఒకరు అందుకున్నారు. గణేష్‌బాబు పులస చేప ఎంత రుచో చెబుతూ మధ్యలో లొట్టలేశాడు, దానికి కూడా పడవ కదిలింది. ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడే రామతులసి కార్తీకమాసంలో దీపాలు వదలడం గురించి చెప్పింది. మణిదీప్ తనకి ఈత రాదని చెప్పాడు. హారతి బట్టీ పాఠం పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి ఇంగ్లీషులో తప్పు మాట్లాడింది, తప్పని తెలిసీ ఆగలేదు. గాజుల చప్పుడు, కుర్చీల చప్పుడు, ఐదు గొంతులు. కిటికీ అవతల సగం స్కూలు మూగింది. పడవ ఊగుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ అవతలి ఒడ్డుకి తగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దుర్గ బొమ్మ మెట్టు మీద కాలు పెట్టింది.

నలభై నిమిషాలు అయిపోయాయి. తెర నల్లబడింది.

డాక్టరు ఇల్లు ఎవరూ చూడలేదు. దుర్గ హెడ్‌ఫోను తీసి తల దించుకుంది. "నా మూలాన్నేనండి సార్" అంది.

మధులత గారు కాగితం చూపించారు. "మందు తేలేదు కదండీ మాస్టారూ. పరీక్ష ప్రకారం ఇది సున్నా."

"ఆయ్, తేలేదండి," అన్నారు సూర్యప్రకాశం గారు. కాదనడానికి ఏముంది? అయినా ఆయన మొహం మీద నవ్వు ఆగడం లేదు. ఆ గంట పోతే పోయింది, ఈ నలభై నిమిషాలు ఎవరూ పట్టుకుపోలేరు అనుకున్నారు.

ఆవిడ సెల్‌ఫోను మోగింది. పడవవాడు. స్పీకరు పెడితే అవతల నుంచి కుర్రగొంతు అచ్చతెలుగులో వచ్చింది. "మేడమ్, ఆ అమ్మాయెవరండీ? అచ్చం మా అమ్మమ్మలా దెబ్బలాడిందండి. మళ్ళీ ఎప్పుడొస్తారో కనుక్కోండి."

మధులత గారు ఫోను పెట్టేసి కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "మిగతా రెండు స్కూళ్ళూ మందు తెచ్చాయండి," అన్నారు నెమ్మదిగా. "బిళ్ళలిచ్చారు, ఎక్కారు, పొట్లం అందుకున్నారు, వచ్చేశారు. నాకు వినడానికేమీ దొరకలేదు. తప్పు మాదేననుకుంటా. ఆ బిళ్ళలు మేం పెట్టకుండా ఉండాల్సింది." కాగితం రెండుగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. "గురువారం పన్నెండింటికేనా మీకు కరెంటు వచ్చేది?"

పిల్లలు అప్పటికే బయటికి పరుగెత్తారు, చెప్పులు ఎవరివి ఎవరు వేసుకున్నారో చూడకుండా.

మరుసటి గురువారం ఎవరి సంచిలోనూ బిళ్ళ లేదు. పిల్లల వంతు అయ్యాక మధులత గారు ఆరో కుర్చీ చూపించి, మాస్టారూ, ఈవేళ మీరూ దాటాలి అన్నారు. సూర్యప్రకాశం గారు హెడ్‌ఫోను తగిలించుకున్నారు. తెర మీద నది. ఎవరేమనుకుంటారోనన్న సంకోచం లేకుండా రెండు చేతులూ జోడించారు.

నిన్నెందుకు ఎక్కించుకోవాలి అని పడవవాడు ఇంగ్లీషులో అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఇంగ్లీషులో ఒక్క వాక్యమూ సమయానికి అందలేదు. మాస్టారు నాలుకతో పెదాలు తడుపుకున్నారు.

"సార్, మంచినీళ్ళు కావాలంటే ఇంగ్లీషులో అడగాలండి," అన్నాడు గణేష్‌బాబు సుద్దగీత వెనక నుంచి.

"గీత వెనక మాట్లాడకూడదురా," అని దుర్గ వాడి నోరు మూసింది. తనే మునివేళ్ళ మీద లేచి తెర వైపు వంగింది.

సూర్యప్రకాశం గారు గొంతు సవరించుకున్నారు. స్వామి సింహాసనం గురించి మా ఇంటావిడ ఒక మాట అన్నది అంటూ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. పడవ కదిలింది.