నేను మింగని ఊపిరి

నేను ఒక ఊదుగొట్టాన్ని. కంసాలి పెదవికీ దీపం మంటకూ మధ్య బతికే ఇత్తడి గొట్టాన్ని. జానెడు పొడవు, కొసన కాస్త వంపు. చూడటానికి ఏమంత ఘనంగా ఉండను గానీ, నా గాలి సోకకుండా ప్రొద్దుటూరులో ఏ గొలుసూ మెడకెక్కలేదు. కోతలు కోస్తున్నాననుకుంటారేమో. ఇత్తడి ముక్కకు జీవితమంతా బంగారం పక్కన కూర్చునే యోగం పడితే ఆ మాత్రం మిడిసిపాటు ఉంటుంది మరి.

నన్ను చేసింది ఒక కంచరి. చిల్లుపడిన చెంబును కరిగించి నాకు ఈ జన్మ ఇచ్చాడు. కాళాచారి అనే కంసాలి నన్ను పెళ్లికూతుర్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి కొన్నాడు. ఆయన పోయాక కొడుకు నాగలింగాచారి చేతికి వచ్చాను.

నాగలింగాచారి ఊదుతుంటే చూడాలి. బుగ్గల నిండా గాలి పట్టి, ముక్కుతో పీలుస్తూనే నోటితో వదిలేవాడు. మంట వంగి, సూదిమొనలా సన్నబడి టంకాన్ని ముట్టుకునేది. అతుకు పూర్తయ్యేదాకా గాలి తెగేది కాదు. కంసాలి కన్నతల్లి బంగారంలోనూ చిటికెడు నొక్కేస్తాడని లోకం ఎత్తిపొడుస్తుంది. ఈయన నొక్కిందల్లా ఉగ్గాణీ, బజ్జీలే. తాగుడు జోలికి ఏనాడూ పోలేదు. చక్కెర జబ్బు వచ్చాక కూడా నోరు మాత్రం కట్టుకోలేదు.

ఆయన ఊపిరి తగ్గిందని అందరికంటే ముందు తెలిసింది నాకే. ఒకరోజు గాజు అతుకుతుండగా మధ్యలో గాలి తెగింది. వంగి ఉండాల్సిన మంట నిటారుగా లేచి నన్ను వెక్కిరించింది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, ఆపైన పడుకున్నా ఆయాసం. భార్య ఈశ్వరమ్మ బలవంతం చేసి కడపలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. కొందరు బీడీకట్ట లేకుండా గడప దాటరు చూడండి, నాగలింగాచారికి జేబులో నేను లేకపోతే అలాగే కాలు కదలదు. అందుకే అక్కడ జరిగినదంతా విన్నాను.

డాక్టరమ్మ ఆయన వీపు మీద వేలితో తట్టింది. పైన ఖాళీ కుండలా పలికింది. కుడివైపు కింద మాత్రం నిండుకుండలా మొద్దుగా మోగింది. నిండుకుండ తొణకదని మనుషులు గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఛాతీ నిండుకుండ కావడం ఏమంత మంచిది కాదు. సూది పెట్టి లాగితే గడ్డిరంగు నీరు సీసాల కొద్దీ వచ్చింది. కాసేపటికి ఆయన గుండెల నిండా గాలి పీల్చి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. "మీ ఊపిరితిత్తుల్లో ఏ జబ్బూ లేదు. చెడింది లివరు. అది గట్టిపడితే కడుపులో నీరు ఊరుతుంది. కడుపుకూ ఛాతీకీ నడుమ ఉండే పొరలో సన్న రంధ్రాలుంటే ఆ నీరు పైకి పాకి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. మందు అలవాటుందా?"

ఈశ్వరమ్మ ముఖం కందగడ్డయింది. "మా ఇంటావంటా లేదు తల్లీ!"

"లేకపోయినా వస్తుందమ్మా. ఏండ్ల తరబడి చక్కెర, కొవ్వు ఉన్నా లివరు ఇట్లనే చెడుతుంది. ఉప్పు బాగా తగ్గించండి, మాత్రలు మానొద్దు. నీరు తీసినా మళ్లా చేరుతుంది. శాశ్వతంగా కుదరాలంటే లివరు మార్చడమే దారి. అయినవాళ్లలో ఎవరిదైనా సరిపోతే వాళ్ల లివర్లో కొంత ముక్క చాలు. అది మళ్లా పెరుగుతుంది."

మెట్లు దిగుతూ ఈశ్వరమ్మ గొంతు తగ్గించింది. "ఏమయ్యా, ఊర్లో లివరని అనొద్దు. లివరంటే తాగుబోతనే అంటారు. ఊపిరితిత్తులని చెప్దాం."

"ఎట్లొచ్చిందని అడిగితే?"

ఆమె చూపు ఆయన జేబు మీద పడింది. "గొట్టం ఊది ఊది వచ్చిందందాం."

ఆయన జేబు తడుముకుని తలూపాడు. అంతే, నేరం నా మెడకు చుట్టుకుంది.

ఊపిరితిత్తుల జబ్బు మర్యాదస్తుల జబ్బు. కష్టం చేసుకునేవాడికి వచ్చేది. వీధివీధంతా వచ్చి జాలిపడి, నా వంక చూసి మెటికలు విరిచింది. ఛాతీకి మంచిదని ఒకరు మిరియాల చారు, నోటికి హితవుగా ఉంటుందని ఒకరు నిమ్మకాయ ఊరగాయ, మరొకరు ఊరమిరపకాయలు మోసుకొచ్చారు. ఈశ్వరమ్మ కూరలో ఉప్పు చిటికెడే వేసేది. ఊరగాయలోది మాత్రం ఉప్పు లెక్కలోకి రాదని ఆమె నమ్మకం. పోనీ ఎవరినైనా అడుగుదామంటే లివరు సంగతి బయటపడుతుంది. నీరు మళ్లీ చేరింది. తీశారు. మళ్లీ చేరింది. ఊరంతా ప్రేమగా పెట్టిన ముద్దలు పోయి ఆయన ఊపిరి మీద కూర్చున్నాయి. ఇలాగే సాగితే మనిషి దక్కడని నాకు అర్థమైపోయింది.

అప్పుడు కదిరి నుంచి తమ్ముడు మౌనాచారి దిగాడు. వడ్రంగి. పేరే మౌనాచారి, నోరు ఊరుకోదు. అన్న పడుకోలేకపోతున్నాడని విని, కూర్చునే కునుకు తీసేలా ఒక వాలుబల్ల చేసి బస్సు మీద వేసుకొచ్చాడు. ఊదే పని లేకుండా తొక్కుడు తిత్తి కూడా తెచ్చాడు. నన్ను చూడగానే అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"ఈ దరిద్రపు గొట్టమే కదన్నా నీ ఊపిరి మింగింది! ఇంకా ఇంట్లో పెట్టుకున్యావా?"

వీధిలో పాతసామాన్ల బండి కేక వినపడింది. అతను నన్ను తీసుకెళ్లి ఆ బండిలోని సొట్టబిందెలో గిరాటు వేశాడు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. కరగడానికి కాదు. చెంబు నుంచి గొట్టమైనదాన్ని, గొట్టం నుంచి గంటనవుతాను, అదేం పెద్ద సంగతి. చెయ్యని నేరానికి కరగాలా అన్నదే నా ఏడుపు.

నాగలింగాచారి వాలుబల్ల మీది నుంచి లేచి, గోడ పట్టుకుని గడప దాకా వచ్చాడు. మాటమాటకూ ఆగాడు. "దాన్నేమీ అనొద్దురా. నాయన గొట్టమది. దాని తప్పేమీ లే. చెడింది నా లివరు."

వంటింట్లో గరిటె కింద పడింది.

"తాగినావా?" అన్నాడు తమ్ముడు.

"చుక్క ముట్టలే. చక్కెర జబ్బుతో వచ్చిందంట."

"ముట్టకపోతే సిగ్గెందుకన్నా? ముట్టినా సిగ్గెందుకు, పానం పోతాంటే?"

ఈశ్వరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని డాక్టరమ్మ మాటలన్నీ, ముక్క సంగతితో సహా, చెప్పేసింది. మౌనాచారి కాసేపు పేరుకు తగ్గట్టే ఉండిపోయాడు. తర్వాత వదిన మీద విరుచుకుపడ్డాడు.

"ఇన్ని దినాలూ నాకెందుకు చెప్పలే వదినా? నేనేమన్నా అరువు తెచ్చుకున్న తమ్మున్నా?"

బండివాడి బిందెలోంచి నన్ను తీసి, లుంగీకి తుడిచి, అన్న చేతిలో పెట్టాడు.

పరీక్షల్లో తమ్ముడిది సరిపోయింది. ఆపరేషనూ అయింది. ఇద్దరూ కోలుకున్నారు. ఇప్పుడు ఎవరు ఊరగాయ తెచ్చినా ఈశ్వరమ్మ గడపలోనే ఆపి, "మా ఆయనకు లివరు మార్చినారు, ఉప్పు వద్దన్యారు" అని వీధికంతా వినపడేలా చెప్పి గిన్నె తిప్పి పంపుతోంది.

ఆసుపత్రివాళ్లు ఊపిరి కసరత్తుకు మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. పీలిస్తే బంతులు లేస్తాయి. నా అలమరలోనే దాని కాపురం. వట్టి ఆటబొమ్మ అని మొదట తీసిపారేశాను గానీ, మూడో బంతి లేచిన రోజు నేనూ మురిసిపోయాను.

అంగట్లో ఇప్పుడు గ్యాసు మంటే అంతా. నన్ను అలమరలో ఊరికే ఉంచారు. మొన్న మాత్రం తమ్ముడికి వెండి కడియం చేస్తూ నాగలింగాచారి గ్యాసు ఆపి, దీపం వెలిగించి, నన్ను పెదవికి ఆనించాడు. మంట వంగింది. అతుకు పూర్తయ్యేదాకా గాలి తెగలేదు.

మౌనాచారి కడియాన్ని తిప్పితిప్పి చూశాడు. "అతుకు యాడుందన్నా?"

"బాగా పెడితే కనపడదురా" అన్నాడు అన్న.

ఇద్దరి చొక్కాల కిందా ఉన్న అతుకులు మాత్రం బాగానే కనపడతాయి. ఆ డాక్టర్లు గొప్పవాళ్లే, కాదనను. ఊదుగొట్టం ఒకటి తక్కువైంది వాళ్లకు.