బల్ల మీద కాసేపు

సింకులో గిన్నెలు కొండలా పేరుకున్నాయి. "చీకటి పడుతోంది, పిల్ల ఇంకా రాలేదేం?" అన్నారు అత్తగారు. ఆవిడ బెంగ పిల్ల కోసమా, గిన్నెల కోసమా అని నేను అడగలేదు. అడిగితే అదే ప్రశ్న నాకు నేనూ వేసుకోవాలి.

వారంగా ఇదే తంతు. మా అమ్మాయికి పదహారేళ్లు, మోటార్ వైండింగ్ షాపులో పని నేర్చుకుంటోంది. చేర్చిన రోజే యజమానికి కచ్చితంగా చెప్పాను, పద్దెనిమిది నిండని పిల్లల్ని సాయంత్రం ఆరు దాటాక పనిలో ఉంచకూడదు, అది చట్టం అని. "అంతా తెలుసమ్మా" అన్నాడు. తెలిసి కూడా ఇదా! చెప్పులేసుకుని బయల్దేరాను. "గట్టిగా నిలదియ్యి. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు" అన్నారు మా ఆయన, సోఫాలోంచి లేవకుండా. పక్కనే మా అబ్బాయి ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. వాడికి పద్దెనిమిది నిండి ఏడాదైంది.

షాపులో అడుగు పెడుతూనే అందుకున్నాను. "ఏమయ్యా, అది పిల్లనుకున్నావా, గానుగెద్దు అనుకున్నావా? చట్టం నీకు వర్తించదా?"

యజమాని చేతికంటిన వార్నిష్ తుడుచుకున్నాడు. "అరవకమ్మా. మీ అమ్మాయి పని ఆరింటికే అయిపోతుంది. పొమ్మన్నా పోదు. కాసేపు కూర్చుని వెళ్తానండీ అంటుంది."

"కూర్చుని ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. ఊరికే కూర్చుంటుంది."

రాగితీగ చుట్టల వెనక, బల్ల మీద, గోడకు తల ఆన్చి కాళ్లు చాపుకుని ఉంది నా కూతురు. ఇంట్లో అది కాళ్లు చాపుకోగా ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు. నన్ను చూడగానే ఉలిక్కిపడి లేచింది. "వచ్చేస్తున్నానమ్మా, గిన్నెలు నేనే తోముతాను."

సిగ్గుతో చచ్చిపోయాను. పొద్దున్నే లేపి నీళ్లు పట్టించింది నేను. అన్నయ్య బట్టలు ఇస్త్రీ చేయించింది నేను. "ఆడపిల్లవి, అలవాటు కావాలి" అన్నదీ నేనే. మా అమ్మ ఆ మాటంటే నాకెంత ఒళ్లు మండేదో! షాపాయన్ని నిలదియ్యడానికి నేను పరుగెత్తుకొచ్చాను, సరే. నన్ను నిలదియ్యడానికి దానికెవరున్నారు?

"కూర్చో" అన్నాను. పక్కనే నేనూ చతికిలబడ్డాను. అంతలో ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏమన్నాడు? గట్టిగా అడిగావా?"

"అడిగాను. ఆరు దాటాక పిల్లతో పని చేయించేది ఆయన కాదు, మనమే."

"అంటే?"

"అంటే అబ్బాయిని లేపండి. మీరూ లేవండి. మేం వచ్చేసరికి ఆ గిన్నెలు తోమి ఉండాలి."

"మరి మీరెప్పుడొస్తారు?" అన్నారు మా ఆయన.

కూతురి వైపు చూశాను. నా మొహంలోకి చూస్తూ, భయంభయంగా, మళ్లీ కాళ్లు చాపుకుంటోంది.

"కాసేపు కూర్చుని వస్తాం" అన్నాను.