తడవని నమూనాలు

అయినా ఇది నా చేతిరాత కాకపోవచ్చు, వెనక్కి వాలే అక్షరాలు లోకంలో నా ఒక్కదానికే ఉంటాయా ఏమిటి, ఒన్‌డాంగ్వా బడిలో నా పక్క బెంచీ పిల్లకీ ఇలాగే వాలేవి, టీచరు స్కేలుతో మా ఇద్దరి వేళ్ల మీదా కొట్టేది, కానీ చివరన ఉన్న ఆ పొడి అక్షరం పి, దాని కింద చిన్న గీత, పెనెహాఫో అని పూర్తిగా రాసే ఓపిక లేక ఇరవయ్యారేళ్ల వయసులో నేను కనిపెట్టుకున్న సంతకం, కాదనడానికి లేదు, నాదే, తొమ్మిదేళ్ల కిందటి రిజిస్టరులో ఎర్ర సిరాతో, తూర్పు బ్లాకు, ముప్పై ఎనిమిది నమూనాలు నీళ్లలో తడిసి చెడిపోయినవి, లెక్కలోంచి తీసివేయవలెను, పి., నేను వచ్చింది దీని కోసం కాదు, ఒక్క అంకె కోసం, నిన్న సాయంత్రం లాయరు కావరీ ఫోన్ చేసి, మేడమ్, విలీన పత్రంలో నూట ఎనభయ్యో పేజీ, ముప్పుల అధ్యాయం, గామా కొలతల్ని ల్యాబు పరీక్షతో సరిపోల్చాం అని రాసుకున్నాం కదా, ఎన్ని నమూనాలతో అని అవతలి కంపెనీ వాళ్లు అడుగుతున్నారు, అంకె చెప్పేస్తే చాలు, రేపు పదకొండింటికి మీ సంతకం, పన్నెండింటికి అచ్చుకి, అన్నాడు, అంకెదేముంది, అరవై ఒకటి అని నాకు నోటికొచ్చు, అయినా ఎందుకైనా మంచిదని పొద్దున్నే స్వాకోప్‌ముండ్ నుంచి అరవై కిలోమీటర్లు కారు తోలుకుంటూ మా యురేనియం గని దగ్గరి ఈ షెడ్డుకొచ్చాను, బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో పేర్చి ఉండే ఈ రేకుల షెడ్డుకి, కంపెనీ ప్రధాన భూగర్భ శాస్త్రవేత్తని, నిల్వల అంచనా నిజమేనని పేరు పెట్టి హామీ ఇవ్వాల్సినదాన్ని, వచ్చి రిజిస్టరు తెరిస్తే ఇది.

తడిసినవా, అంది వెనక నుంచి అడెల్‌హైడ్, షెడ్డు కాపలా చూసే దమారా తెగ ఆవిడ, పంతొమ్మిదేళ్లుగా ఈ పెట్టెలకి ఆవిడే తల్లి, చేతిలో నూనె ఓడుతున్న ఫెట్‌కుక్ రొట్టె ముక్క, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని నా భుజం మీదుగా రిజిస్టరులోకి తొంగిచూసి, ఏ నీళ్లమ్మా, ఎక్కడివి నీళ్లు, అంది, ఆ ఏడు చుక్క పడిందా, నా మేకలు సగం పోయింది ఆ ఏడే కదా, మిగిలిన వాటికి గడ్డి లేక అట్టపెట్టెలు తినిపించాను, నువ్వు చెప్పు, ఈ రేకుల కింద ఏది తడుస్తుంది, నేను నవ్వబోయాను, నవ్వు సగంలో ఆగి అక్కడే ఉండిపోయింది, ఎందుకంటే నిజం, ఆ ఏడు వాన లేదు, అందరం ఆకాశం కేసి చూసి చూసి మెడలు నొప్పెట్టిన ఏడు, స్నానానికి బకెట్లు పంచుకున్న ఏడు, ఆ ఏడు నేను కూర్చుని నీళ్లలో తడిసినవి అని రాశాను, రాస్తున్నప్పుడు నా చెయ్యి కూడా ఆగలేదు, అప్పటి నా పై అధికారి లీవీ, మా భాషలో తాతే, అంటే నాన్నగారూ, అని నేను పిలిచే మనిషి, చెప్పారు, నేను రాశాను, ల్యాబు చీటీలున్నాయా ఊసీ, అని అడిగాను, అక్కా అన్నట్టు మేమంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తాం, ఎందుకుండవు, నేనేదైనా పారేస్తానా, నా మొగుణ్ణి తప్ప ఏదీ పారెయ్యలేదు, అంటూ ఆవిడ వెనక బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది, రబ్బరు బ్యాండు వేసిన ముప్పై ఎనిమిది చీటీలు, ఒక్కటి కూడా తడిసిన కాగితం కాదు, ఒక్క మరక లేదు.

ఒకటి చదివాను, రెండోది, ఐదోది, చెవుల్లో ఏదో మోత మొదలైంది, బయట జనరేటరు అనుకున్నాను, జనరేటరు ఆగే ఉంది, గామా పరికరం వెయ్యి చూపిన చోట ల్యాబు నాలుగు వందలంటోంది, ఎనిమిది వందలున్న చోట మూడు వందలు, అన్నీ అంతే, ముప్పై ఎనిమిదీ అంతే, ఇది రెండో సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన సంగతి, గామా పరికరం యురేనియాన్ని చూడదు, యురేనియం విరిగి పుట్టిన పదార్థాల్ని చూస్తుంది, ఎండిన నది కింద ఏ యుగంలోనో పారిన నీరు యురేనియాన్ని కరిగించి తీసుకుపోతే పుట్టినవి మాత్రం అక్కడే మిగిలి కేకలేస్తుంటాయి, పరికరం ఆ కేకలు విని లోపల నిధి ఉందంటుంది, అందుకే ల్యాబు పరీక్ష, అందుకే సరిపోల్చడం, మేం సరిపోల్చాం, సరిపోనివి తీసేసి సరిపోయిన ఇరవై మూడే ఉంచాం, పైకి మాత్రం తీసేసిన వాటినీ కలిపి మొత్తం అరవై ఒకటి అని రాసుకున్నాం, తూర్పు బ్లాకు అంటే మా అంచనాలో దగ్గర దగ్గర సగం, ఆ సగంలో సగం లేదు, తొమ్మిదేళ్లుగా నేను సదస్సుల్లో తెర మీద ఎర్రగా వెలిగించి చూపించిన తూర్పు బ్లాకు, చప్పట్లు కొట్టించుకున్న తూర్పు బ్లాకు, ఏమైందమ్మా అలా పాలిపోయావు, కూర్చో, అంది అడెల్‌హైడ్, టీ పోసిచ్చింది, సంతకం ఇవాళేనటగా, మా వాటాలు కొత్త కంపెనీలోకి మారతాయట, మా సంఘం వాళ్లు చెప్పారు, ఆ వాటాలతో పైకప్పు వేయించుకుందామని చూస్తున్నా, ఆలస్యం చెయ్యకండి పెద్దోళ్లు, అని నవ్వింది, నేను టీ గ్లాసు పెట్టబోయి టేబులు లేని చోట పెట్టాను, పగిలింది, పోనీలే, అందావిడ, గ్లాసే కదా.

చీటీల డబ్బాతో కారులో కూర్చుని తాళం కోసం బ్యాగంతా వెతికాను, తాళం కుడి చేతిలోనే ఉంది, తాతే లీవీకి ఫోన్ చేశాను, ఆయన రిటైరై ఊరు చేరి ఆరేళ్లయింది, మహంగు, అదే సజ్జ, పొలం చూసుకుంటున్నారు, నాకు బోరు దగ్గర నిలబడి రాయి నాలిక మీద పెట్టి రుచి చూడటం నేర్పిన మనిషి, నేను ప్రధాన పదవికి ఎంపికైన రోజు ఫోన్‌లో పాట పాడిన మనిషి, ఓహో పెనె, ఇంత పొద్దున్నేనా, బాగున్నావా, పిల్లలెలా ఉన్నారు, మీ వైపు మంచు ఎలా ఉంది, అన్నీ అడిగారు, నేను అన్నీ చెప్పాను, అలా అడగకుండా, చెప్పకుండా మా వాళ్లలో ఎవరూ అసలు మాటకి రారు, అప్పుడన్నాను, తాతే, తూర్పు బ్లాకు నమూనాలు తడవలేదు, అవతల కోడి కూత వినిపించింది, ఎవరో మహంగు దంచుతున్న చప్పుడు, నీకు తెలుసనుకున్నానే, అన్నారు ఆయన, నాకెలా తెలుస్తుంది తాతే, మీరు చెబితే రాశాను, అవును రాశావు, వానలేని ఏడు తడిశాయని చెబితే రాశావు, అడుగుతావేమోనని చూశాను పెనె, వారం రోజులు చూశాను, రోజూ భోజనాల దగ్గర నీ ఎదురుగా కూర్చున్నాను, నువ్వు అడిగుంటే అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు, పై నుంచి వచ్చిన ఒత్తిడి అంతా నీ ముందు పెట్టేసేవాణ్ణి, ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసేవాళ్లం, నువ్వు అడగలేదు, నీకూ అర్థమైంది, నీకూ ఉద్యోగం కావాలి, అనుకున్నాను, అన్నారు, ఎవరు ఎవరి మీద నెపం వేస్తున్నారు, ఆయన నా మీదా, నేను ఆయన మీదా, ఫోన్ పెట్టేశానో ఆయనే పెట్టేశారో, తెలుసుకునేసరికి రోడ్డు కదులుతోంది, తీరం దగ్గర పడుతున్నకొద్దీ మంచు కమ్ముకొచ్చింది, ముందు వెళ్తున్న లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ లేదు, సంతకం పెడితే అడెల్‌హైడ్‌కి పైకప్పు, తొమ్మిది వందల మందికి జీతాలు, పెట్టకపోతే అవతలి కంపెనీ వెనక్కి పోతుంది, గని మూత పడుతుంది, అది రేపటి సంగతి, పెడితే మూడేళ్లకో నాలుగేళ్లకో తూర్పు బ్లాకు తవ్వి రాయి మిల్లులో పోశాక బయటపడుతుంది, అప్పుడు మూత పడేది రెండు కంపెనీలు, వాటాలన్నీ చిత్తు కాగితాలు, ఆవిడ కప్పు కింద కూర్చుని నా పేరు తలుచుకుంటుంది, పెనెహాఫో అంటే ఆనందం ఇవ్వండి అని, మా అమ్మ పెట్టిన పేరు.

ఆఫీసు మీటింగు గదిలో హీటరు వేడి, కాఫీ వాసన, ఛైర్మన్ కమ్‌బోండే కిటికీ వైపు కూర్చున్నాడు, లాయరు కావరీ కాగితాలు సర్దుతున్నాడు, వీడియో తెర మీద అవతలి కంపెనీ వాళ్లు ఇంకా రాలేదు, పది నిమిషాలు టైముంది, రండి మేడమ్, అంకె తెచ్చారా, అన్నాడు కావరీ, నేను బిస్కెట్ల డబ్బా టేబులు మీద పెట్టి చీటీలు పరిచాను, అరవై ఒకటి కాదు, ఇరవై మూడు, మిగతావి సరిపోలేదు, తడిశాయని నేనే రాశాను, తడవలేదు, తూర్పు బ్లాకులో మనం చెప్పినదాంట్లో సగమే ఉంది, అన్నాను, ఇప్పుడు గది కూలుతుందనుకున్నాను, ఎవరో ఒకరు లేచి నిలబడతారు, అరుస్తారు, నా మీద పడతారు అనుకున్నాను, పొద్దున షెడ్డులో నాకు వినిపించిన మోత వాళ్లకీ వినిపిస్తుందని ఎదురుచూశాను, కావరీ పెన్ను మూత తీసి, సరే, ముప్పుల అధ్యాయంలో ఒక వాక్యం కలిపేద్దాం, తూర్పు బ్లాకులో గామా కొలతకీ ల్యాబు ఫలితానికీ తేడా ఉండవచ్చు, సరిపోతుందా సార్, అన్నాడు, సరిపోతుంది, అన్నాడు ఛైర్మన్, కాఫీలో చక్కెర కలుపుకుంటూ, ఉండవచ్చు కాదు, ఉంది, అన్నాను, నా గొంతు పెద్దదయింది, చీటీలు మీ ముందే ఉన్నాయి, రాబోయేదాన్ని ముప్పు అనండి, ఇది వచ్చేసింది, కావరీ ఛైర్మన్ కేసి చూశాడు, ఛైర్మన్ చెంచా పక్కన పెట్టి చాలా మెల్లగా, ఇంటి మనిషిని ఓదార్చినట్టు అన్నాడు, ఏంటమ్మా, ఇవాళే మొదలెట్టావా, తొమ్మిదేళ్లలో ఒక్కసారి ఇబ్బంది పెట్టలేదు నువ్వు, నీకంటే సీనియర్లు నలుగురున్నా ఆ కుర్చీ నీకిప్పించింది నేను, ఎందుకనుకున్నావు.

నేను కావరీ చేతిలో పెన్ను తీసుకుని ఉండవచ్చు మీద అడ్డంగా గీత కొట్టాను, పైన ఉంది అని రాశాను, అంచనా పేజీ తీసి తూర్పు బ్లాకు అంకె కొట్టేశాను, హామీ పత్రం కింద నా పేరు కోసం వదిలిన ఖాళీని ఖాళీగానే ఉంచి చీటీలు సర్దుకున్నాను, తెర వెలిగింది, అవతలి కంపెనీ వాళ్లు ముగ్గురు, గుడ్ మార్నింగ్ చెబుతున్నారు, మీరు అడిగిన అంకె ఇరవై మూడు అని వాళ్లకి చెబుతున్నది నేనే, మిగతా ముప్పై ఎనిమిదీ ఒక్కొక్కటే చదువుతున్నది నేనే, ఛైర్మన్ ఆపమంటున్నాడు, నేను చదువుతూనే ఉన్నాను, చెవుల్లో మోత ఎప్పుడు తగ్గిందో తెలియలేదు, ఒకటే తెలుస్తోంది, స్పష్టంగా, కడిగిన పలకలా, నా చదువు చూసి కాదు, నా పని చూసి కాదు, వానలేని ఏడు తడిశాయంటే ఎందుకని అడగని మనిషి కావాలని వెతికి, ఆ మనిషిని నాలో చూసి, అందుకే నన్ను ఎంచుకున్నారు.