నేరేడు పాకం, జొన్న డికాక్షన్

మా ఆయనను చాయ్ మానెయ్యమని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. చాయ్ లేకుండా కిషనా! నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నాకు నేర్పిన మొదటి పని ఆమె కొడుక్కి చాయ్ పెట్టడం. డ్యూటీకి పోయే ముందు చాయ్, వచ్చాక చాయ్, గని మీద క్యాంటీన్లో ఎన్ని తాగుతాడో ఆ క్యాంటీన్ వాడికే తెలియాలి. నిద్ర పట్టడం లేదని లేచి, చాయ్ తాగి మళ్ళీ పడుకునే మనిషి గోదావరిఖని మొత్తంలో ఈయనొక్కడే ఉంటాడు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఈసీజీ కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "గుండె మధ్యమధ్యలో లయ తప్పుతోంది. చాయ్, కాఫీ రెండూ మానెయ్యాలి, బాగా నిద్రపోవాలి. వానలు పడ్డాక మళ్ళీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పెద్ద పరీక్షలు చేయించాలి. ఈ దడ తగ్గకపోతే మిమ్మల్ని గనిలోకి దింపడం మీకే ప్రమాదం" అంది. నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

కిషన్ గనిలో సర్దారు. షిఫ్టు వాళ్ళకంటే ముందు తాను లోపలికి పోయి గాలి బాగుందా, పైకప్పు గట్టిగా ఉందా, ఎక్కడైనా బొగ్గు దానంతటదే వేడెక్కి వాసన కొడుతోందా చూసుకోవాలి. ఆయన సరే అంటేనే మిగతావాళ్ళు అడుగు పెట్టాలి. ఏదైనా తేడా వస్తే అందర్నీ బయటికి పంపి ఆఖరున తాను రావాలి. అంతమంది ప్రాణాలకు కాపలా ఉండే మనిషికి తన గుండె సంగతి పట్టలేదు.

మర్నాడే మొగిలి బావ దిగాడు. మా ఆయనకు అన్న. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఊరికే రాలేదు, సంచీ నిండా మామిడిపండ్లు తెచ్చాడు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది, ఎందుకంటే మొగిలి బావ చేతిలోంచి ఏదైనా ఊరికే జారిందంటే దాని వెనక ఏదో ఉండే ఉంటుంది.

"ఏంది, గట్ల మొఖాలు ఏలాడేసిన్రు?" అన్నాడు కూర్చుంటూనే. "అదృష్టం ఇంటికొచ్చి తలుపు కొడ్తాంది. వాన్ని తాగనియ్యి శోభా, ఎన్ని చాయలు తాగుతడో తాగనియ్యి. దడ తగ్గకుంటే బోర్డుకు పంపుతరు. బోర్డు అన్‌ఫిట్ రాసిందంటే పోరనికి కొలువు. డిగ్రీ చేసి ఇంట్ల కూసున్నోనికి ఇంతకన్న ఏం గావాలె?"

మా బొగ్గుగనుల బెల్టులో ఇది కొత్త మాటేం కాదు. రిటైర్మెంటుకు ఇంకా ఏళ్ళుండగా తండ్రిని కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే కొడుక్కి కొలువు వస్తుంది. అందుకే మా క్వార్టర్ల లైన్లో ఎవరైనా అన్‌ఫిట్ అయితే ఇంటింటికీ మిఠాయి పంచుతారు. మిఠాయి తిన్నవాళ్ళు కూడా పాపం ఏమైందని అడగరు, పిల్లవాడి జాయినింగ్ ఎప్పుడని అడుగుతారు. ఇప్పుడు ఆ జబ్బు మా ఇంటికే వచ్చేసరికి నాకా మిఠాయి విషంలా తోచింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, నీ తమ్ముని పాణం నీకు గంత అగ్గువైందా? మల్ల గీ మాటెత్తితే పెద్దోనివని గూడ సూడ. నీ మామిడిపండ్లు పట్టుకోని నడువు" అన్నాను.

బావ నడిచాడు. మామిడిపండ్లు మాత్రం మర్చిపోయాడు.

నన్ను భయపెట్టింది మొగిలి బావ మాట కాదు. అంతసేపూ కిషన్ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడే, అది భయపెట్టింది. ఈయన కొడుకు కోసం కావాలనే తాగుతాడేమో, తాగి తాగి ఏ షిఫ్టులోనో భూమి అడుగున కూలబడతాడేమో అనిపించింది. అడిగితే చెప్పే మనిషి కాదు. తిడితే నవ్వుతాడు. చాయ్ మానమంటే సరేనని గని మీదికి పోయి రెండింతలు తాగుతాడు. కాబట్టి చాయ్ ఉన్న చోట ఇంకేదైనా పెట్టాలి, అదీ ఆయన నోటికి నచ్చేది.

మా కొడుకు రుత్విక్ ఆ సాయంత్రం ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఎవరో పిల్ల గాజు గ్లాసులో రంగురంగులుగా ఏదో పోస్తోంది.

"ఐస్ లాటె అంటరమ్మా. కాఫీ లేకుంట గూడ చేస్తరట. అడుగున పండ్ల పాకం, దానిమీద ఐసు, పాలు, అన్నిటిమీద డికాక్షన్. కాఫీపొడి బదులు వేంచిన బార్లీ వేసింది సూడు."

"బార్లీ లేదు గని జొన్నలున్నయి. మీ పెద్దబాపు మామిడిపండ్లున్నయి" అన్నాను. ఆ పండ్లు అలా పనికొచ్చాయి.

మామిడిపండ్ల గుజ్జు పిండి, చక్కెర వేసి పాకం కాచాను. కాగుతున్న పాకం మీదే పాలు పోశాను. పాలు చక్కగా విరిగి, పచ్చగా ముక్కలు ముక్కలై తేలాయి. పక్క క్వార్టరు ప్రసూన అప్పుడే తోడుకు పెరుగడగడానికి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. వాళ్ళది భీమవరం వైపు, వాళ్ళాయన కంపెనీ ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే ఆమె ఫిల్టరు కాఫీ వాసన మా ఇంటిదాకా వస్తుంది.

"వేడి పాకంలో పాలు పోస్తే విరక్క ఏం చేస్తాయండీ శోభగారూ?" అంది. విషయమంతా విని ముక్కున వేలేసుకుంది. "కాఫీ లేని కాఫీయా! మా అమ్మ వింటే నాకు తలంటు పోస్తుంది."

అలా అంటూనే ఇంటికి పోయి పాత స్టీలు ఫిల్టరు తెచ్చిచ్చింది. పాకం పూర్తిగా చల్లారాలని, డికాక్షన్ కూడా చల్లారాకే పొయ్యాలని, పాలు చెంచా మీదుగా సన్నగా జారవిడిస్తే దేనికది విడిగా నిలుస్తుందని చెప్పింది. "ఇందులో జొన్నలు వేశారని మా ఫిల్టరుకు మాత్రం చెప్పకండి, బాధపడుతుంది" అని నవ్వుతూ పోయింది.

మర్నాడు కిషన్ నైట్ షిఫ్టు చేసి వచ్చి వెనక గదిలో కూలర్ ముందు పడుకున్నాడు. నేను ఇనుప మూకుడులో జొన్నలు పోసి వేయించడం మొదలుపెట్టాను. ఎర్రబడితే చాలదు, కాఫీ రంగు రావాలంటే నల్లబడాలి. ఎండకు తలుపులన్నీ మూసి ఉన్నాయి. పొగ ఇల్లంతా తిరిగి కూలర్ గాలిలో కలిసింది.

అంతే, వెనక గదిలోంచి ఒక్క కేక.

"వాసనొస్తాంది! పని బందు పెట్టుండ్రి! అందరు బయటికి నడువుండ్రి!"

బనీను, లుంగీతో, సగం కళ్ళు మూసుకునే వచ్చాడు. ఒక చేత్తో నా రెక్క పట్టుకున్నాడు, ఇంకో చేత్తో రుత్విక్ కాలర్ పట్టుకున్నాడు. ఇద్దర్నీ ముందుకు తోసి తాను వెనక నడుస్తూ మిట్టమధ్యాహ్నం ఎండలోకి గెంటాడు. నా చేతిలో అట్లకాడ అట్లాగే ఉంది. లైనంతా తలుపులు తెరుచుకున్నాయి.

"ఏమైందండీ?" అని ప్రసూన పరుగెత్తుకొచ్చింది.

"ఏం లేదమ్మా, కాఫీ చేస్తున్న" అన్నాను. లైనంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

కిషన్ నవ్వలేదు. మెట్టు మీద కూలబడి ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. ముఖమంతా చెమట. పెదవులు ఎండిపోయాయి. "దడ ఆగుతలేదే" అన్నాడు మెల్లగా. రుత్విక్ నీళ్ళు తెచ్చాడు. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. సమ్మక్క సారలమ్మలకు ఎన్ని మొక్కానో నాకే లెక్క లేదు. కొంతసేపటికి ఊపిరి కుదుటపడింది, ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. దవాఖానకు పోదామంటే చెయ్యి ఊపాడు.

"రాత్రంత చాయే తాగిన" అన్నాడు నేల చూస్తూ. "అన్న చెప్పింది నిజమే గదా అనుకున్న. నాదేమున్నది, సగం ఒడిసిన పాణం. పోరనికి తొవ్వ దొరుకుతది." ఛాతీ రాసుకుని, "గిప్పుడు మాత్రం భయమైందే శోభా" అన్నాడు.

తిట్టడానికి నా నోటి నిండా మాటలున్నాయి. వాటిని మింగి, కొంగుతో ఆయన ముఖం మీది చెమట తుడిచాను. నా మొగుడు నా కళ్ళముందే గ్లాసు గ్లాసుగా తనను తాను తాగేస్తున్నాడని నేను భయపడ్డదే నిజమైంది.

రుత్విక్ వచ్చి తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాపూ, గనిల వాసనొస్తే నువ్వు ఎవ్వరినన్న లోపల ఇడిసిపెట్టి బయటికి వస్తవా?"

"ఎట్లొస్తరా? సర్దారు ఆఖరుకే రావాలె."

"మరి నిన్ను లోపల ఇడిసిపెట్టి నేనెట్ల బయటికి వస్తననుకున్నవు? నీ పాణం తీసుకోని నీ కొలువు చెయ్యమంటున్నవా? నాకొద్దు బాపూ."

కిషన్ వాడి తల మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత నా వైపు చూసి, "ఏదీ, నీ మాడిన కాఫీ తే" అన్నాడు.

జొన్నలు దంచి ఫిల్టరులో వేసి, డికాక్షన్ దిగాక చల్లార్చి పోసిచ్చాను. ఒక గుక్క తాగాడు. "చాయ్ కాదు. కాఫీ గూడ కాదు" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. "సల్లగున్నది" అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి ముందుకు చాపాడు.

అంత తేలిగ్గా అయిపోయిందనుకునేరు. మొదటి వారం మా ఇల్లు ఇల్లు కాదు. తల పగిలిపోతోందని, చెప్పు కనబడలేదని, ఫ్యాను చప్పుడు చేస్తోందని అందరి మీదా పడ్డాడు. పాల ప్యాకెట్ చల్లగా ఉందని పాలవాణ్ణి తిట్టాడు. నేనూ తక్కువ తినలేదు, ఆయన ఒకటంటే నేను రెండన్నాను. కానీ డ్యూటీకి పోయేటప్పుడు ఐసు వేసిన ఫ్లాస్కు చేతికిస్తే వద్దనకుండా తీసుకుపోయేవాడు. రెండో వారానికి పడుకుంటే గురక వినబడటం మొదలైంది. ఎన్నేళ్ళకు ఆ గురక! గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.

మామిడిపండ్లు అయిపోయేసరికి కమాన్‌పూర్ నుంచి లింగవ్వ గంపలో అల్లనేరేడు పండ్లు తేవడం మొదలుపెట్టింది. వాటిని ఉడికించి, గింజలు పిసికి తీసి, గుడ్డలో వడగట్టి పాకం పట్టాను. నిమ్మకాయ పిండొద్దు, మళ్ళీ పాలు విరుగుతాయని ప్రసూన ముందే బెదిరించింది. గ్లాసు అడుగున నల్లటి పాకం, దాని మీద ఐసు, తెల్లటి పాలు, పైన మట్టిరంగు డికాక్షన్. దేనికది విడిగా నిలబడింది.

కిషన్ గ్లాసును కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గని లెక్కనే ఉన్నదే. పైన మన్ను, నడుమ తెల్లరాయి, అడుగున బొగ్గు."

"అయితే తొవ్వి తాగు" అన్నాను.

వానలు పడ్డాయి. దవాఖానకు ముగ్గురం పోయాం. అక్కడికి మొగిలి బావ కూడా వచ్చాడు, ఎందుకో నాకు తెలుసు. నేను ఆయన వైపు చూడలేదు. డాక్టరమ్మ కొత్త ఈసీజీని, పాతదాన్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తూనే ఉంది.

"చాయ్ నిజంగానే మానేశారా?" అంది.

"ఇడిసిపెట్టినమ్మా. జొన్న లాటె తాగుతున్న" అన్నాడు ఈయన గొప్పగా.

ఆమె కళ్ళజోడు తీసి నవ్వింది. "అదేంటో తర్వాత చెబుదురు. గుండె చక్కగా కొట్టుకుంటోంది. మీరు ఫిట్. డ్యూటీకి పోవచ్చు."

వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలాయన ఎవరో మా ఆయన చేతిలోని కాగితం చూసి నా మీద జాలిపడ్డాడు.

"ఏడ్వకు బిడ్డా. ఫిట్ అని రాసిన్రా? ఏం ఫికర్ పడకు, మల్ల ఒకపాలి పోతే అన్‌ఫిట్ అయితడు తియ్యి."

ఏడుస్తూ ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. "నీ నోట్లె మన్నువడ, పెద్దాయనా! నేను సంబురానికి ఏడుస్తున్న" అన్నాను. ఆయన నన్ను, మా ఆయనను మార్చి మార్చి చూశాడు. మా ముగ్గురికీ మతి చెడిందనుకుని ఉంటాడు.

సాయంత్రం నేరేడు పాకం సీసా మొత్తం ఒంపేశాను. ప్రసూన ఇంట్లో గ్లాసులు కూడా తెచ్చి లైనంతటికీ లాటె పంచాం. మొగిలి బావ గడప దగ్గర కుర్చీ వేసుకుని, "ఫిట్ అయినందుకు పంచుడేందిరా, మంది నవ్వుతరు" అని గొణుగుతూనే రెండో గ్లాసు తాగాడు. మూడోది అడిగితే పొయ్యనని చెప్పి, మళ్ళీ నేనే పోశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడుతుంది.

చివరి క్వార్టరు సారవ్వ గ్లాసు అందుకుని, మామూలుగా అడిగే మాటే అడిగింది.

"శుభం బిడ్డా, శుభం. మరి జాయినింగ్ ఎప్పుడు?"

రుత్విక్ ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడికి ఇంకా ఏ కొలువూ లేదు. అయినా వాడి ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"రేపు మొదటి షిఫ్టుకే, అవ్వా" అన్నాడు. "మా బాపుది."